కిటికీ అరుగు కింద ఏముంది?

అక్టోబరులో చలి ముదరకముందే న్యూజెర్సీలోని తెలుగువాళ్ల ఇళ్లలో కరివేపాకు, తులసి కుండీలు లోపలికొచ్చేస్తాయి. ఇంటికి బే విండో ఉంటే వాటి చోటు అదే. జనవరికల్లా కరివేపాకు ఆకులు రాల్చడం మొదలుపెడితే ఎండ చాలలేదేమో అనుకుంటాం. ఓ రాత్రి కుండీ పక్కన కిటికీ అరుగు పలక మీద అరచెయ్యి ఆనించి చూడండి. జిల్లుమంటోందా? అయితే చలి పలక కిందనుంచే వస్తోంది.

ఎడిసన్ చుట్టుపక్కల మనవాళ్లు కొనుక్కుంటున్న ఇళ్లలో అరవై, డెబ్బైల దశకాల నాటివి తక్కువేం కాదు. వాటికి కిటికీలు మార్చే వేళ వచ్చింది. బే విండో అంటే గోడ దాటి బయటికి పొడుచుకొచ్చే కిటికీ. మధ్యలో పెద్ద అద్దం, అటూ ఇటూ 30 లేదా 45 డిగ్రీల కోణంలో తెరుచుకునే చిన్న కిటికీలు ఉంటాయి. బో విండోలో నాలుగో అయిదో సమానమైన రెక్కలు వంపు తిరుగుతాయి. పక్కల నుంచీ వెలుగు లాగడమే రెండింటి గొప్పదనం. శాన్‌ఫ్రాన్సిస్కోలో 25 అడుగుల వెడల్పు స్థలాల్లో ఒకదానికొకటి ఆనుకుని కట్టిన పాత ఇళ్లకు ఇవి అంతగా నప్పింది అందుకే.

అమ్మేవాళ్లు అద్దం గురించి గంటసేపు చెబుతారు. మనం ముందు అడగాల్సింది బరువు గురించి. చాలా ఇళ్లలో ఈ కిటికీకి కింద పునాది ఉండదు, గాల్లో వేలాడుతుంది. పైన దూలానికి బిగించిన ఉక్కు తీగలో, కింద గోడకు కొట్టిన బ్రాకెట్లో దాన్ని మోయాలి. తడిమట్టి కుండీలు, ఎక్కి కూర్చునే పిల్లలు ఆ బరువుకు అదనం. ఆధారం సరిగా లేకపోతే కొన్నేళ్లకు ముందు అంచు కిందికి వాలుతుంది. పక్క రెక్కలు బిగుసుకుపోతాయి, పైన గోడను కలిసేచోట సందు పడుతుంది, అందులోంచి వాననీరు దిగి పలక చెక్క లోలోపలే చివుకుతుంది. పాత కిటికీ పలక మీద రసమట్టం పెట్టి చూస్తే బుడగే చెబుతుంది. అది పక్కకు పోయిందంటే కొత్త కిటికీకి ముందు ఆధారం సంగతి తేల్చుకోవాలి. మామూలు కిటికీని తీసి గోడను వెడల్పు చేసి బే పెట్టించేటప్పుడైతే దూలం కూడా మార్చాల్సి రావచ్చు. టౌన్‌షిప్ పర్మిట్ లేకుండా ఆ పనికి దిగొద్దు.

ఇక చలి సంగతి. కూర్చునే పలకకు అడుగున బయటి గాలే ఉంటుంది. అక్కడ కనీసం రెండంగుళాల ఫోమ్ షీటు, సందుల్లో స్ప్రే ఫోమ్, కింద తేమకు తట్టుకునే చెక్క ఉండాలి. పైనున్న చిన్న కప్పులోనూ ఇన్సులేషన్ కావాలి. ఈ రెండూ పనివాళ్లు వెళ్లిపోయాక కనిపించవు. అందుకే మూసేముందు ఫొటోలు తీయించుకోండి.

అద్దం ఆ తర్వాత. ఆర్గాన్ గ్యాస్ నింపిన రెండు పొరల లో-ఈ (వేడిని ఆపే పలుచని పూత ఉన్న) అద్దం ఇక్కడి చలికి సరిపోతుంది. స్టిక్కర్ మీద యూ-ఫ్యాక్టర్ ఎంత తక్కువుంటే వేడి అంత తక్కువ బయటికి పోతుంది. 0.30 దాటినదాన్ని నేనైతే ఒప్పుకోను. దక్షిణం వైపు కిటికీకి శీతాకాలపు ఎండను రానిచ్చే అద్దం మేలు, పడమటి కిటికీకి జూలై సాయంత్రపు ఎండను ఆపేది కావాలి. ఇంటికంతటికీ ఒకే రకం వేసేస్తే పనివాళ్లకు సుఖం, మనకు కాదు.

ఇల్లు 1978కి ముందుదైతే పాత రంగులో సీసం ఉండొచ్చు. చట్రం పీకేటప్పుడు రేగే దుమ్ము చిన్నపిల్లలకు ప్రమాదం. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) సర్టిఫికెట్ ఉన్న సంస్థకే పని ఇవ్వాలన్న నిబంధన 2010 నుంచి ఉంది. ఆ సర్టిఫికెట్ చూపించమనండి.

కిటికీల మీద ఖర్చులో 30 శాతం, గరిష్ఠంగా 600 డాలర్ల వరకు వచ్చే ఫెడరల్ పన్ను రాయితీ 2025 డిసెంబరు 31తో ముగిసింది. దాన్ని లెక్కలో చూపించి ఎవరైనా ధర తక్కువని చెబితే నమ్మకండి, ఆ డబ్బు తిరిగి రాదు.