పొలిమేర దాటని చాటింపు

పూర్వము మన పల్లెలలో టముకు వేయువాడు వీధివీధి తిరిగి, ఊరి చివరి ఇంటివరకు కేక వినిపించి, అచటినుండి వెనుకకు మరలెడివాడు; పొరుగూరికి ఆ వార్త చేరవలెనన్న ఒకడు కాగితము చేతబట్టుకొని పోవలసినదే. తర్లుపాడులో నేడొక పాఠశాలయందు కంప్యూటరును మీట నొక్కి మేల్కొల్పినపుడు జరుగునదియు నిట్టిదే. దానికి అప్పటికి చిరునామా లేదు, ఎవరినడుగవలెనో తెలియదు, కావున "నాకొక చిరునామా ఇచ్చువారెవరు?" అని అందరికిని వినబడునట్లు కేక వేయును. చిరునామాలు పంచిపెట్టు డీహెచ్‌సీపీ సర్వరు విని, ఒకటి ఇవ్వజూపును, కంప్యూటరు దానినే కోరును, సర్వరు ఖాయపరచును. ఇది శాశ్వతపు హక్కు కాదు, గడువు గల కౌలు. మార్కాపురపు పలకమీద వ్రాసిన అక్షరమువలె గడువు తీరినంత తుడిచి మరియొకరికి వ్రాయవచ్చును.

ఒక వరుసను మరియొక వరుసతో కలుపు రౌటరు మాత్రము ఈ కేకను తన పొలిమేర దాటనీయదు. దాటనిచ్చినచో ప్రతి ఊరి కేకయు ప్రతి ఊరను మ్రోగి, ఎవరి మాటయు ఎవరికిని వినబడకపోవును. అట్లని గదికొక సర్వరును నిలుపుట దండుగ. ఈ చిక్కు క్రొత్తది కాదు. మన రాష్ట్రమున మండలములేర్పడిన 1985లోనే వెలువడిన బూట్‌పీ అను పూర్వ విధానమునందే, కేకను ఆవలికి చేరవేయు మధ్యవర్తికి చోటు కల్పింపబడినది. 1997లో రాల్ఫ్ డ్రోమ్స్ కూర్చిన డీహెచ్‌సీపీ నిబంధనలు దానినే స్వీకరించినవి.

ఆ మధ్యవర్తియే రిలే. కంప్యూటర్ల గది 192.168.20 వరుసలోను, సర్వరు ఆవల 192.168.100.5 వద్దను ఉన్నవనుకొందము. రౌటరునందు గదివైపు ముఖమున, సిస్కో పరిభాషలో 'ఐపీ హెల్పర్ అడ్రస్' అను ఒక్క పంక్తితో సర్వరు చిరునామా వ్రాయవలెను. అంతట రౌటరు కేకనందుకొని, అర్జీపై ఊరిపేరు వేసినట్లు 'జీఐ అడ్రస్' అను గడిలో తన గదివైపు చిరునామాను పూరించి, నేరుగా సర్వరునకు పంపును. సర్వరు ఆ గడిని చూచియే ఏ వరుసనుండి ఈయవలెనో నిర్ణయించును. ఆ పంక్తిని సర్వరువైపు ముఖమున వ్రాయుట తరచుగా జరుగు పొరపాటు. సర్వరునుండి గదివైపునకు తిరుగుదారి చూపకుండుట రెండవది. ఏది జరిగినను విండోస్ కంప్యూటరు 169.254తో మొదలగు చిరునామా నొకదానిని తనకు తానే తగిలించుకొనును. ఆ అంకెలు కనబడిన చాలు, కేక ఎవరికిని చేరలేదనియో, బదులు తిరిగి రాలేదనియో అనుభవజ్ఞుడు గ్రహించును.

ఊరిపేరొకటే చాలదు, ఏ గడపనుండి వచ్చినదో కూడ తెలియవలెనన్నచో 2001 జనవరినాటి ఎనుబదిరెండవ ఆప్షను కలదు. అర్జీ ఏ తీగవెంట, ఏ పెట్టెనుండి వచ్చినదో రిలే అందు చేర్చును, సర్వరు బదులుతోపాటు దానిని తిప్పి పంపును, రిలే దానిని తొలగించి గాని కంప్యూటరున కందీయదు. చిత్రమేమనగా, గదిలోని కంప్యూటర్ల తీగలను కలుపు స్విచ్చే ముందుగా ఈ ముద్ర వేసి, జీఐ గడిని సున్నగా విడిచినపుడు, సిస్కో రౌటరు దానిని కూటపత్రమని శంకించి మౌనముగా పారవైచును. తెర మీద తప్పిదమేదియు కనబడదు. తీగలన్నియు సరిగానే యుండును. పనివాడు పూటంతయు కేబుళ్లు మార్చి చూచును. ఆ ముఖమును నమ్మవచ్చునని రౌటరునకు 'ట్రస్ట్' పంక్తి యొకటి వ్రాసిన పిమ్మట, కంప్యూటరు తెరపై 169.254 పోయి 192.168.20 నిలుచును.