గడుసు పిల్ల 'కన్నింగ్' కాదు

తెలుగులో మాట్లాడుతూనే మనం అలవోకగా వాడేసే ఇంగ్లీషు మాటల్లో 'కన్నింగ్' ఒకటి. "వాడు మహా కన్నింగ్ అండీ" అని గిట్టనివాళ్ళని అంటాం. ఒక్కోసారి అదే మాటతో మన పిల్లల్ని మురిపెంగా మెచ్చుకుంటాం కూడా. చిక్కంతా అక్కడే వస్తుంది.

నిజానికి ఈ మాట పుట్టుకలో మోసమేమీ లేదు. 'తెలిసి ఉండటం' అనే అర్థమున్న పాత ఇంగ్లీషు క్రియ నుంచి వచ్చింది. 'చేయగలను' అనడానికి వాడే 'కెన్' కూడా దీనికి చుట్టమే. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో పనితనమున్న చేతిపనివాళ్ళకీ, చక్కగా వాద్యం వాయించేవాళ్ళకీ ఇదే విశేషణం వాడారు. పాతకాలపు అమెరికన్ ఇంగ్లీషులో ముద్దొచ్చే పసిపాపని కూడా 'కన్నింగ్' అనేవారు. పాత కథల పుస్తకాల్లో పిల్లలకి ఇది కనిపిస్తే, అక్కడ తిట్టు కాదని చెప్పండి.

ఇప్పటి వాడుక వేరు. మనిషికి తగిలిస్తే, ఎదుటివారిని మాయచేసి పని సాధించుకునే రకమని అర్థం. మన 'జిత్తులమారి' అన్నమాట. మనిషికి కాకుండా ఎత్తుకో, ఉపాయానికో వాడితే కొంత మెచ్చుకోలు కూడా ఉంటుంది.

అందుకే స్కూల్లో టీచరుతో "మా అమ్మాయి చాలా కన్నింగ్" అంటే, పిల్ల అబద్ధాలాడుతుందని తల్లే చెప్పినట్టవుతుంది. 'క్లెవర్', 'క్విక్' అంటే సరిపోతుంది.

ఇదే చిక్కు ఇంకోవైపు నుంచీ వస్తుంది. అమ్మమ్మ వీడియో కాల్‌లో "అబ్బో, గడుసుదానివే!" అంటుంది. ఇక్కడ పెరిగిన మనవరాలు అర్థం అడిగితే, తొందరలో 'కన్నింగ్' అని చెప్పేస్తాం. అమ్మమ్మ ముద్దు పిల్ల చెవిలో నిందగా పడుతుంది. గడుసుతనంలో చురుకుంది, మాటకి మాట చెప్పే ధైర్యముంది, కాస్త పెంకితనమూ ఉంది. మోసం ఉండి తీరాలని లేదు. 'స్మార్ట్ అండ్ ఎ లిటిల్ చీకీ' అంటే దగ్గరగా ఉంటుంది.

తేడా గుర్తుండాలంటే మన కథలే చాలు. పాచికలతో పాండవుల్ని ముంచిన శకుని 'కన్నింగ్'. ముందుచూపుతో రాజ్యాన్ని నిలబెట్టిన చాణక్యుడు 'ష్రూడ్'. నవ్విస్తూనే నెగ్గుకొచ్చిన తెనాలి రామకృష్ణుడు 'విటీ'.

మీ బుజ్జిగాడు వీళ్ళలో ఎవరిలాంటివాడో చూసుకుని, ఆ మాటే వాడండి.