కొండ ఎక్కిన స్త్రీల మైత్రి

"కొండ మీద ఏమన్నా కూటం ఉందా అమ్మా? ప్రసంగీకులు ఎవరు?"

మా సంఘంలో ఈ ప్రశ్న అడగని మగవారు లేరనే చెప్పాలి. కూటం లేదు, ప్రసంగీకులు లేరు, కానుక పట్టరు, ఊరికే నడిచి ఎక్కి ఒక రాత్రి ఉండి నడిచే దిగివస్తాం అంటే ఎవరూ నమ్మలేదు. నిజానికి మాకే నమ్మకం కుదరలేదు. మా స్త్రీల మైత్రిలో రోజుకు నాలుగైదు మైళ్ళు నడవని వారు తక్కువ. చేనికి, బోరింగుకు, కట్టెలకు, పాల కేంద్రానికి, పిల్లల బడికి నడుస్తూనే ఉంటాం. ఆ నడకలన్నీ ఒక పని మీద, ఇంట్లో ఎవరో ఒకరి కోసం. పని లేకుండా నడవడం మాలో ఒక్కరికీ తెలియదు.

ఈ ఆలోచన మొదట తెచ్చింది మాలోని నర్సమ్మ. ఆసుపత్రిలో మోకాళ్ళ నొప్పులని, నిద్ర పట్టదని, గుండె దడ అని వచ్చే ఆడవాళ్ళను చూసి చూసి, "మీకు మాత్రలకంటే ముందు రెండు రోజుల విశ్రాంతి, నలుగురితో నవ్వు కావాల" అని ఒక బుధవారం ప్రార్థన తరువాత అనేసింది. పాస్టరమ్మగారు నవ్వి, "అయితే ఎక్కడికి పోదాం చెప్పు" అన్నారు. మదనపల్లె ప్రాంతంలో ఉన్నవాళ్ళకు ఇంక వేరే కొండ ఎందుకు? హార్సిలీ కొండ!

బస్సులో ఆ కొండకు పోయినవాళ్ళు మాలో ఆరుగురున్నారు. నడిచి ఎక్కినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ కొండకు పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యు.డి. హార్సిలీ దొర వేసవిలో ఉండటానికి అక్కడ ఇల్లు కట్టుకోవడంతో ఆయన పేరు నిలిచిపోయింది. మదనపల్లె అప్పుడు కడప జిల్లాలోనే ఉండేది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. కొండ ఎత్తు సుమారు 4,100 అడుగులు. ఇంత ఎత్తా అని భయపడనక్కరలేదు, మదనపల్లె ఊరే 2,300 అడుగుల దాకా ఎత్తున ఉంది. అంటే మేము ఎక్కవలసింది 1,800 అడుగులు. ఈ గాలి మంచిదనే కదా మిషనెరీలు 1915లో ఆరోగ్యవరంలో క్షయ రోగుల ఆసుపత్రి తెరిచారు.

పేర్లు రాయమంటే ఇరవైమంది రాశారు. బయలుదేరే నాటికి పద్నాలుగు మందిమి మిగిలాం. కళ్ళం పనులు ముగిసి, క్రిస్మసు బంధువులు వెళ్ళిపోయిన జనవరి చివరి వారం కుదుర్చుకున్నాం. బస్సు చార్జీకి, పైన బసకు తలా 250 రూపాయలు అనుకున్నాం. అటవీశాఖ వారిని అడిగి అనుమతి తీసుకుని, తోవ తెలిసిన పెద్దాయననొకరిని మాట్లాడుకున్నాం.

పద్నాలుగో పేరు మీద కొంత గొడవ జరిగింది. మాలో ఒక జేజికి అరవై ఏడేళ్ళు. "నువ్వొద్దులే జేజీ, మధ్యలో కూలబడితే నిన్ను ఎవరు మోస్తారు?" అన్నాం. "మీరు కూలబడితే నేను మోస్తాలేమ్మా" అని సంచి తీసుకుని వచ్చి బస్సులో ముందు సీటులో కూర్చుంది. యాభై ఏళ్ళు మేకలు కాసిన మనిషి అని మాకు అప్పుడు తోచలేదు.

సంచుల సంగతి చెప్పాలి. వీపుకు తగిలించుకునే పెద్ద సంచులు కొనే స్తోమత ఎవరికుంది? పిల్లల బడి సంచులే తెచ్చుకున్నాం. పద్నాలుగు మంది ఆడవాళ్ళు రంగురంగుల బొమ్మల సంచులు వీపున తగిలించుకుని, చీర కొంగులు బిగించి, కాన్వాసు బూట్లు వేసుకుని బస్టాండులో నిలబడితే కండక్టరు టిక్కెట్లు కొట్టడం మరచిపోయి చూశాడు. నర్సమ్మ ముందే లెక్క చెప్పింది: ఎవరి సంచీ వారి బరువులో అయిదో వంతు దాటకూడదు. యాభై కిలోల మనిషి పది కిలోలకు మించి మోయకూడదన్నమాట. అందులో నీళ్ళే రెండు లీటర్లు, అంటే రెండు కిలోలు. దుప్పటి, స్వెట్టరు, టార్చిలైటు, రెండు పూటల సద్ది, చిన్న బైబిలు. అడవిలో నిప్పు రాజేయకూడదు కనుక వండుకునే మాట లేదు. చింతపండు పులిహోర, ఊరుబిండి, నిప్పట్లు మూటలు కట్టుకున్నాం.

ఉదయం ఆరుకు నడక మొదలుపెట్టాలని నిర్ణయం. మొదలైంది ఎనిమిదిన్నరకు. తప్పు బస్సుది కాదు, మాదే. ఒకరు పాలు పితికి రావాలి, ఒకరు మామగారికి కాఫీ ఇచ్చి రావాలి, ఒకరికి బిడ్డ ఏడుపు మానలేదు. రెండు రోజులు ఇల్లు వదలడానికి ఒక స్త్రీ నాలుగు రోజుల పని ముందే చేసి రావాలని ఇంట్లోవాళ్ళు గమనిస్తే బాగుండును.

కొండ అడుగున పాస్టరమ్మగారు ప్రార్థన చేసి, ఒకే ఒక నియమం పెట్టారు. ప్రతి మలుపు దగ్గర లెక్క చూసుకోవాలి, పద్నాలుగు తలలు కనబడందే ముందుకు అడుగు వేయకూడదు. "మరియమ్మ, యోసేపు అంతటి వారే యెరూషలేము నుండి వస్తూ గుంపులో ఉన్నాడులే అనుకుని ఒక దినమంతా నడిచేశారు. పన్నెండేళ్ళ బిడ్డ లేడని సాయంత్రానికి గాని తెలియలేదు. గుంపులో ఉండే ప్రమాదం అదే" అన్నారు. లూకా సువార్త రెండో అధ్యాయం అందరమూ ఎన్నిసార్లో చదివాం. అందులో నడక గురించి ఇంత పాఠం ఉందని ఆ రోజే తెలిసింది.

మొదటి గంట పాటలు పాడాం. రెండో గంట పాట ఆగిపోయి మాటలు మిగిలాయి. మూడో గంటకు ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. రాళ్ళ తోవ, ఇరుపక్కలా ముళ్ళ పొదలు, ఎండ నెత్తి మీదికొచ్చింది. 1892లో స్కాట్లాండు దేశస్థుడు విలియం నైస్మిత్ కొండ నడకకు ఒక లెక్క కట్టాడట. అయిదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి రెండు వేల అడుగులకు ఇంకొక గంట. మా టీచరమ్మ అది కాగితం మీద రాసుకుని వచ్చింది. ఆ ప్రకారం మా ఆరు కిలోమీటర్ల తోవకు రెండు గంటల పైన కొంచెం పట్టాలి. మాకు అయిదున్నర గంటలు పట్టింది! ఆ దొర వీపున బడి సంచి తగిలించుకుని, చీర కట్టుకుని ఎక్కి ఉండడు.

జేజి మాత్రం అందరికంటే ముందు. ఆమె వేగంగా నడవలేదు, ఆగకుండా నడిచింది. మేము పది నిమిషాలు ఉరికి అయిదు నిమిషాలు కూలబడుతుంటే, ఆమె చిన్న చిన్న అడుగులు వేస్తూ కర్ర ఊనుకుంటూ పోతూనే ఉంది. "మేక ఎట్లెక్కుతుందో చూడలేదా? నేరుగా ఎక్కదు, అడ్డం పడి ఎక్కుతుంది" అని మాకు నేర్పింది. నిట్టనిలువు చోట అటూ ఇటూ వంకరగా నడిస్తే ఆయాసం ఎంత తగ్గుతుందో ఆ తరువాత గాని మాకు అర్థం కాలేదు.

సగం పైకి వచ్చాక లెక్క చూస్తే పదమూడు.

గుండె ఝల్లుమంది. వెనక్కి పరుగెత్తితే రెండు మలుపుల కింద మా చిన్నమ్మ ఒకామె బండ మీద కూర్చుని పిక్కలు పట్టుకుని ఉంది. కండరాలు పట్టేసి కాలు కదలడం లేదు, ముఖమంతా చెమట. భర్త పోయి రెండేళ్ళయింది, కూలి మీద ఇద్దరు పిల్లలను చదివించుకుంటున్న మనిషి. "మీరు పోండమ్మా, నేను దిగిపోతా" అంది.

ఇక్కడ మేము మెచ్చుకోదగినట్టు ప్రవర్తించలేదు, ఒప్పుకుంటాం. ఎండ, ఆకలి, అలసట. ఇద్దరిని తోడిచ్చి ఆమెను కిందికి పంపుదామని కొందరు, అందరం దిగిపోదామని కొందరు, ఇంత దూరం వచ్చి దిగేదేమిటని కొందరు. గొంతులు లేచాయి. ఇంతలో ఎవరో ఆమె సంచి పక్కకు జరపబోయి, "ఏమిటే ఇంత బరువు?" అని కేక వేశారు. పది కిలోలు కాదు, పదిహేను దాకా ఉంటుంది. చెప్పిన మాట వినకపోతే ఇట్లే అవుతుంది, నీవల్ల అందరికీ ఇబ్బంది అని మాలో ఇద్దరు గట్టిగానే మందలించారు. ఆమె తల వంచుకుంది, మారు మాట్లాడలేదు.

పాస్టరమ్మగారు సంచి విప్పారు. లోపల ఆమె గుడ్డలు, నీళ్ళసీసా పైన కొంచెం. అడుగున రెండు పెద్ద మూటలు: ఒకటి ఉడికించిన చెనక్కాయలు, ఒకటి బెల్లం పాకం పట్టిన చెనక్కాయ ఉండలు. పద్నాలుగు మందికి రెండు రోజులకు సరిపోయేటన్ని.

అప్పుడు బయటపడింది. 250 రూపాయలలో ఆమె 100 మాత్రమే ఇవ్వగలిగింది. మిగతాది పాస్టరమ్మగారు ఎవరికీ తెలియకుండా వేశారు. ఆమెకు మాత్రం తెలుసు. ఒకరి డబ్బుతో వస్తున్నానే, నా వంతుగా ఏమైనా తేవాలని రాత్రంతా పొయ్యి ముందు కూర్చుని ఉండలు చుట్టింది.

కాసేపు ఎవరమూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం. మందలించిన ఇద్దరిలో ఒకామె ముందుగా కింద కూర్చుని, "కాలు ఇటివ్వు వదినా" అని పిక్కలు వత్తసాగింది. నర్సమ్మ లీటరు నీళ్ళలో ఆరు టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలగొట్టి కొలిచి కలిపి కొంచెం కొంచెంగా తాగించింది. (మన ఇళ్ళలో విరేచనాలైన పిల్లలకు కలిపేదే. కొలత తప్పకూడదు, ఉప్పు ఎక్కువైతే చేటు.) చెనక్కాయలు పదమూడు సంచులలోకి సర్దాం. ఆమె సంచిలో స్వెట్టరు ఒక్కటే మిగిలింది. ముప్పావు గంటకు లేచి నిలబడి, "ఇప్పుడు నడుస్తా" అంది. ఆమెను ముందుంచి, ఆమె అడుగుకు సరిపడా మేమందరం నడిచాం. చిత్రమేమంటే, అప్పటినుండి ఎవరికీ ఆయాసం రాలేదు. మొదటినుండీ అట్లా నడవవలసిందేమో.

రెండు గంటలకు పైకి చేరాం. నీలగిరి చెట్ల వాసన, చల్లటి గాలి. ప్రతి వెయ్యి అడుగులకు సుమారు రెండు డిగ్రీల వేడి తగ్గుతుందని టీచరమ్మ వివరిస్తుంటే వినేవారు లేరు. నేల మీద ఎక్కడివాళ్ళం అక్కడే పడుకున్నాం. పగటిపూట, పదిమంది తిరిగే చోట, నిర్భయంగా అట్లా కాళ్ళు చాపుకుని పడుకుని ఎన్నేళ్ళయిందో. ఎవరూ పిలవలేదు. ఎవరూ మంచినీళ్ళు అడగలేదు.

రాత్రి చలికి పళ్ళు కొట్టుకున్నాయి. ఉన్న దుప్పట్లన్నీ కలిపి ఒకే పరుపుగా పరచుకుని, ఇద్దరికొక స్వెట్టరు చొప్పున సర్దుకున్నాం. ప్రార్థనలో పాస్టరమ్మగారు వాక్యం చదివి ఊరుకున్నారు, ప్రసంగించలేదు. లూకా ఎనిమిదో అధ్యాయంలో మగ్దలేనే మరియ, యోహన్న, సూసన్న ప్రభువుతో కూడా ఊరూరా తిరిగారని ఉంది కదా, వాళ్ళ మధ్య కూడా ఇట్లాంటి తగాదాలు వచ్చి ఉంటాయా అని ఎవరో అడిగారు. ఆ మాట మీద గంటసేపు మాట్లాడుకున్నాం. జేజి తన చిన్ననాడు చూసిన బైబిలు స్త్రీల గురించి చెప్పింది. చేతిసంచిలో సువార్త పుస్తకాలు, గొడుగు, కాళ్ళకు చెప్పులు ఉంటే ఉన్నట్టు లేకుంటే లేనట్టు, పల్లె నుండి పల్లెకు నడిచి వచ్చేవారట. "వాళ్ళు అలిసిపోయినారని అప్పుడు ఎవరమూ అనుకోలేదమ్మా. నీళ్ళిచ్చేవాళ్ళం, అంతే" అంది. ఆ తరువాత నవ్వు మొదలైంది. ఎందుకు నవ్వామో ఇప్పుడు గుర్తు లేదు. గురక పెట్టేవాళ్ళ పేర్లు మాత్రం గుర్తున్నాయి, రాయడం లేదు.

తెల్లవారి గాలిబండ మీద నిలబడి సూర్యోదయం చూశాం. పేరుకు తగినట్టు అక్కడ గాలి చీర కుచ్చెళ్ళు నిలవనివ్వదు. కింద చెరువులు, టమోటా తోటలు, చీమల్లా బస్సులు. "మా ఊరు ఎటుందమ్మా?" అని చిన్నమ్మ అడిగింది. చూపిస్తే చాలాసేపు అటే చూస్తూ నిలబడి, "ఇంతేనా?" అంది.

దిగడం సులువనుకుంటే పొరపాటు. ఎక్కేటప్పుడు గుండె పని చేస్తుంది, దిగేటప్పుడు మోకాళ్ళు, తొడలు శిక్ష అనుభవిస్తాయి. ప్రతి అడుగుకూ ఒంటి బరువును ఆపి పట్టాలి కనుక కండరాలు వణికిపోతాయి. కర్ర ఉన్నవారు బతికారు. ఇద్దరికి మడమల మీద బొబ్బలు లేచాయి. ఒరిపిడి మొదలవగానే గుడ్డ పట్టీ అంటించాలి, లేచాక గిల్లకూడదు అని నర్సమ్మ చెబుతూనే ఉంది, ఒకరు గిల్లనే గిల్లారు. పులిహోర రాత్రికే అయిపోయింది. నిప్పట్లు ఉదయానికి చెల్లాయి. కొండ అడుగుకు చేరేదాకా మమ్మల్ని నడిపించినవి ఆ చెనక్కాయలు, ఆ ఉండలే. చివరి ఉండ ఎవరికి చెందాలన్న విషయంలో మళ్ళీ ఒక చిన్న తగాదా, ఈసారి నవ్వుతూ. జేజి దాన్ని లాక్కుని నోట్లో వేసుకోవడంతో తీర్పు అయిపోయింది.

ఆదివారం ఆరాధనలో మొదటి కీర్తనకు సంఘమంతా లేచి నిలబడింది. ఎడమ వైపు రెండు వరుసలలో పద్నాలుగు మందిమి లేవలేకపోయాం. అయ్యగారు కళ్ళజోడు పైనుంచి చూసి, నవ్వు ఆపుకుని, "స్త్రీల మైత్రివారు కూర్చునే పాడవచ్చు" అన్నారు. జేజి ఒక్కతే లేచి నిలబడింది.

ఆరాధన అయ్యాక చిన్నమ్మ మెల్లగా కుంటుకుంటూ మా దగ్గరికి వచ్చి కొంగు ముడి విప్పింది. 50 రూపాయల నోటు. "ఇది వచ్చే సంవత్సరం కొండకు. ఇప్పటినుంచే నెలకింత కడతా" అంది. పాస్టరమ్మగారు మారు మాట్లాడకుండా తీసుకుని పుస్తకంలో మొదటి పేరుగా రాసుకున్నారు. రెండో పేరు జేజిది.