రాజకుమారి నీలోఫర్

బిడ్డకు జబ్బు ముదిరినపుడు మన మార్కాపురము, గిద్దలూరు తల్లుల నోటను వినవచ్చు పేరు హైదరాబాదునందలి నీలోఫర్ ఆసుపత్రి. ఆ పేరుగల రాజకుమారి చరిత్రమును సంగ్రహముగా విన్నవించుచున్నారము.

ఈమె మొదటి ప్రపంచయుద్ధము జరుగుచుండ, 1916లో, నాటి తురుష్క రాజధాని ఇస్తాంబూలున జన్మించెను. ఐదవ మురాదు సుల్తానునకు మునిమనుమరాలు. రెండేండ్లకే తండ్రి గతించెను. 1924లో నూతన ప్రజాప్రభుత్వము ఖలీఫా పదవిని రద్దుచేసి రాజవంశీయులను దేశమునుండి వెడలగొట్టెను. ఎనిమిదేండ్ల బాల తల్లివెంట ఫ్రాన్సు దేశపు నీసు పట్టణము జేరెను.

1931లో నచ్చటనే ఏడవ నిజాము రెండవ కుమారుడు మొజంజాహీని పెండ్లాడి హైదరాబాదు మెట్టెను. అప్పటికి పదునైదేండ్ల వయసు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున రోగులకు పరిచర్య చేయు విద్య నేర్చి సేవ యొనర్చెను.

ఆమెకు సంతానము కలుగలేదు. 1949లో ఆమె పరిచారిక యొకతె ప్రసవమున మరణించెను. అంతఃపురపు దాసికే ప్రాణరక్షణ లేనిచో పల్లెపడుచుల గతి యేమి? ఆ దుఃఖమునుండియే తల్లులకును బిడ్డలకును ఆసుపత్రి కావలెనను పట్టుదల పుట్టెను. 1953లో నది వెలసెను.

అంతకు ముందేడే ఆమె వివాహబంధము తెగెను. ఫ్రాన్సునకు మరలి 1989లో పారిసున గతించెను.

దమయంతికి పోయిన రాజ్యము మరల లభించెను. ఈమెకు పుట్టినిల్లును మెట్టినిల్లును దక్కలేదు. అయినను కన్నబిడ్డలేని యామె పేర నెందరి బిడ్డలో బ్రదుకుచున్నారు. మన యింటి కోడండ్ర కాన్పులయెడ "చూతములే" యని జాగు సేయక ముందుగనే వైద్యసహాయము పొందుటయే మన మామెకు సమర్పింపదగిన నివాళి.