మేలుకొని యుండుటకు అగు ఖర్చు

అమెరికాలో మెయిన్ రాష్ట్రపు తీరమునకు దూరముగా గ్రేట్ డక్ అను చిన్న దీవి కలదు. స్టార్మ్ పెట్రెల్ అను సముద్రపక్షులు అక్కడి నేలలో బొరియలు త్రవ్వుకొని గుడ్లు పొదుగును. పొదుగుట ప్రారంభించిన తొలి రోజులలో మనుష్యుల అలికిడి తగిలినచో ఈ పక్షి గూడు విడిచిపోవచ్చును. పక్షిని పరిశీలింపబోయి దాని సంతానమునకే ముప్పు తెచ్చుట ఏమి శాస్త్రము? అందుచేత 2002లో బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము, ఇంటెల్ పరిశోధనశాల, అట్లాంటిక్ కళాశాలలకు చెందినవారు కలిసి 32 చిన్న సెన్సారు పరికరములను ఆ దీవిలో అమర్చిరి. అవి వేడిమిని, తేమను, వెలుతురును కొలిచి రేడియో ద్వారా తెలుపును. తీగలు లేవు.

ఒక్కొక్క పరికరమునకు ఆధారము రెండు పెన్సిల్ సెల్లులు మాత్రమే. వాటినుండి రాబట్టగల విద్యుత్తు సుమారు 2,200 మిల్లీ ఆంపియర్ గంటలు. తొమ్మిది నెలలు పనిచేయవలెనన్నచో దినబత్తెము ఎనిమిదికి కొంచెము పైన. మాటిమాటికి సెల్లులు మార్చుటకు పోయినచో పక్షులకు మరల అలజడియే గదా!

రేడియోలో పంపుటకే ఎక్కువ ఖర్చని ఎవరైనను అనుకొందురు. ఒక్క సందేశము వరకు అది నిజమే. అందుకొనుటకంటె పంపుటకు రెండున్నర రెట్లు ఖర్చగును. కాని సందేశము ఎప్పుడు వచ్చునో తెలియక చెవియొగ్గి యుండుటకు ఆ పరికరములలో 4.5 మిల్లీ ఆంపియర్లు కావలెను. దినమునకు 108 మిల్లీ ఆంపియర్ గంటలు! ఎవరును పలుకకున్నను ఇరువది రోజులలో సెల్లులు ఖాళీ. సెకనులో అరువదవ వంతు ఊరక వినుట ఒక సందేశమును పంపుటతో సమానము.

కనుక పరికరమును నిద్రపుచ్చవలెను. కాలములో నూరవ వంతు మాత్రమే మేలుకొన్నచో వినికిడి ఖర్చు దినమునకు ఒకటికి దిగును. అయితే నిద్రించువాడు పిలుపు నెట్లు వినును? పరికరము సెకనుకు పదిసార్లు క్షణమాత్రము మేల్కొని వినునని అనుకొందము. పంపునది తన సందేశమునకు ముందు సెకనులో పదవ వంతుకంటె కొంచెము ఎక్కువసేపు పిలుపునిచ్చినచో అది తప్పక వినబడును. 2004లో బర్క్లీవారు ప్రకటించిన బి-మాక్ అను పద్ధతి ఇట్టిదే. ఇందులో భారము వినువానినుండి పంపువానిపైకి మారును. సందేశములు అరుదైనచో ఇది లాభమే; ఎడతెగక పంపవలసినచోట నష్టము.

ఇంకొక చిక్కున్నది. దూరపు పరికరములు తమ కొలతలను అంచెలంచెలుగా కేంద్రమునకు చేర్చునప్పుడు, కేంద్రము ప్రక్కనున్నది అందరి మూటలు మోసి ముందుగా నీరసించును. అది ఆగినచో, వెనుకనున్నవాటి సెల్లులు సగము నిండియున్నను వాటి మాట చేరదు. 2000లో ఎం.ఐ.టి. పరిశోధకులు ప్రతిపాదించిన లీచ్ పద్ధతిలో పరికరములు గుంపులుగా ఏర్పడి, పెద్దరికమును వంతులవారీగా వహించును. భారము పంచబడును గాని, మొత్తము ఖర్చు మాయము కాదు. చివరి పరికరము ఆగువరకు అంతయు బ్రతికియున్నదని లెక్కించుటయు సరికాదు. ఏ బొరియ కొలత ఆగిపోయినను పరిశీలకునికి అది లోటే.

గ్రేట్ డక్ దీవిలో సందేశములను సమీకరించు కేంద్రమునకు సూర్యరశ్మితో పనిచేయు పలకలు అమర్చిరి. బొరియలోనికి ఎండ చొరదు. అక్కడి పరికరము రెండు సెల్లులతోనే గడుపుకొనవలెను.