పని ఉండగానే పని వెతుక్కోవాలి

ఫిబ్రవరి, మార్చి నెలల్లో చిలకలూరిపేట, నరసరావుపేట, పర్చూరు చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా తాపీ మేస్త్రికి క్షణం తీరిక ఉండదు. కల్లాల్లో మిరపకాయలు ఎండుతుంటాయి. టిక్కీలు గుంటూరు యార్డుకు తరలిపోతుంటాయి. కాయలమ్మిన డబ్బు చేతిలో పడగానే ఒకరికి వంటగట్టు మార్చాలనిపిస్తుంది. ఇంకొకరికి బాత్‌రూమ్‌లో టైల్స్ వేయించాలనిపిస్తుంది. మాఘమాసంలో పెళ్లి పెట్టుకున్నవారికి ఇంటికి రంగులు తప్పవు. "మేస్త్రీ, మా ఇంటికి ఎప్పుడొస్తావు?" అని అందరూ అడిగేవారే.

అదే మేస్త్రిని జులైలో చూడండి. పొద్దున్నే అన్నం క్యారేజీ పట్టుకుని అడ్డా మీద నిలబడి ఉంటాడు. పది గంటలు దాటితే ఇక ఆ పూటకు పిలిచేవారు లేనట్టే. క్యారేజీ మూత తీయకుండానే ఇంటికొస్తుంది. అప్పుడు ఇల్లాలి గుండెలో రాయి పడుతుంది. ఎందుకంటే జూన్‌లో పిల్లల ఫీజులు కట్టింది అప్పు తెచ్చే కదా!

"మా ఆయన పనిమంతుడే. చెయ్యి పెడితే గోడ అద్దంలా ఉంటుంది. అయినా పని దొరకదు" అని బాధపడే ఇల్లాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. లోపం పనితనంలో లేదు. పని తెచ్చుకునే పద్ధతిలో ఉంది. పట్నాల్లో కాంట్రాక్టర్లు 'లీడ్స్' అంటుంటారు. మన మాటల్లో చెప్పాలంటే, "ఫలానా వారింట్లో పని ఉందట" అన్న కబురు. ఆ కబురు దానంతటదే వచ్చేదాకా కూర్చోవడం ఒక పద్ధతి. మనమే వెళ్లి తెచ్చుకోవడం ఇంకో పద్ధతి. ఇల్లు గడవాలంటే ఈ రెండోది కావాలి.

మిర్చి ధరే మేస్త్రి జీతం

మన ప్రాంతంలో ఇంటి మరమ్మతు పనులన్నీ పంటను బట్టే నడుస్తాయి. పత్తి తీతలు మొదలైతే కొంత, మిరప కోతలు అయితే ఎక్కువ డబ్బు ఊళ్లోకి వస్తుంది. మే నెలలో యార్డుకు వేసవి సెలవులు. ఆ తర్వాత ఆషాఢం వస్తే పెళ్లిళ్లు, గృహప్రవేశాలు ఉండవు. రైతు చేతిలో ఉన్న కాస్త డబ్బూ విత్తనాలకు, ఎరువులకు పోతుంది. అక్టోబరు, నవంబరు వానల్లో బయటి గోడలకు రంగు ఆరదు. అంటే మేస్త్రికి, పెయింటరుకు ఏడాదిలో గట్టిగా పని ఉండేది నాలుగయిదు నెలలే.

ఆ నాలుగు నెలలకూ పూచీ లేదు. 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు మిరప తోటలను తినేసింది. 2017లో ధర పడిపోతే కేంద్రం క్వింటా 5,000 రూపాయలకు కొనిపిస్తామని ముందుకు రావాల్సి వచ్చింది. 2025లో ధర మళ్లీ దిగజారినప్పుడు క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించారు. అలాంటి ఏడు రైతు ఇంట్లో మొదట ఆగిపోయేది ఇంటి రిపేరే. "వచ్చే ఏడు చూద్దాంలే" అంటారు. రైతు నష్టం గురించి పేపర్లో వస్తుంది. ఆ రైతు ఇంటికి రావాల్సిన మేస్త్రి పోగొట్టుకున్న పని ఎక్కడా రాదు.

అందుకే ఒక్క మిర్చి డబ్బునే నమ్ముకోకూడదు. నెలజీతాలు వచ్చే టీచర్లు, ఉద్యోగులు ఉన్నారు. బడులకు, హాస్టళ్లకు వేసవి సెలవుల్లోనే రంగులు, రిపేర్లు చేయించుకునే వీలుంటుంది. కల్యాణ మండపాలవారు ముహూర్తాలు లేని ఆషాఢంలోనే పని పెట్టుకుంటారు. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, పెద్దవాళ్లు మాత్రమే ఉంటున్న ఇళ్లు ప్రతి ఊళ్లో ఉన్నాయి. ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపి, ఖర్చు ఇంతని వివరంగా చెబితే ఆ పిల్లలు అక్కడి నుంచే సరే అంటారు. వీరెవరికీ మిర్చి ధరతో పని లేదు.

ఒక చిన్న లెక్క

మేస్త్రితో కలిపి అయిదుగురు జట్టు అనుకుందాం. నెలకు 24 రోజులు పని కావాలి. ఒక్కో రిపేరు నాలుగు రోజులు పడితే నెలకు ఆరు పనులు ఉండాలి. అడిగినవారంతా చేయించుకోరు కదా! ముగ్గురిలో ఒకరు ఖాయం చేసుకుంటారనుకున్నా, నెలకు 18 ఇళ్ల కబుర్లు రావాలి. మరి మీ ఇంటికి పోయిన నెల ఎన్ని వచ్చాయి? చాలామంది చెప్పలేరు. ఎందుకంటే ఎవరూ రాసిపెట్టలేదు!

ఇక్కడే ఇల్లాలి అవసరం ఉంది. మేస్త్రి పరంజా మీద ఉండగా ఫోన్ మోగుతుంది. చేతులకు సిమెంటు. తీయడు. సాయంత్రానికి మర్చిపోతాడు. ఆ పిలిచినాయన మర్నాడు ఇంకొకరిని పిలుచుకుంటాడు. కబురు పాల లాంటిది, నిలవుంటే విరిగిపోతుంది. బోర్డు మీద, కార్డు మీద ఆయన నంబరుతో పాటు మీ నంబరు కూడా వేయించండి. ఫోన్ వస్తే ఇలా మాట్లాడండి:

"మేస్త్రిగారు పని మీద ఉన్నారండీ. మీది ఏ ఊరు? ఏం పని చేయించాలనుకుంటున్నారు? రేపు సాయంత్రం వచ్చి కొలతలు తీసుకుంటారు. అన్నట్టు, మా గురించి మీకు ఎవరు చెప్పారండీ?"

ఈ చివరి ప్రశ్న మర్చిపోవద్దు. పది మంది జవాబులు రాసుకుంటే మీకు పని ఎటునుంచి వస్తోందో తెలిసిపోతుంది. హార్డ్‌వేర్ షాపు ఆయన చెబుతున్నాడా? పాత ఇంటివారు చెబుతున్నారా? గోడ మీద రాయించిన పేరు చూసి వస్తున్నారా? ఎక్కువ కబుర్లు వచ్చే చోట మన శ్రమ పెట్టాలి.

పుస్తకంలో ఏం రాయాలి?

వంద పేజీల నోటు పుస్తకం చాలు. తేదీ, పేరు, ఊరు, పని, ఎవరు చెప్పారు, అంచనా ఎంత, ఏమన్నారు, మళ్లీ ఎప్పుడు అడగాలి... ఇవి ఉంటే సరిపోతుంది.

* కొలతలు తీసుకున్న రెండు రోజుల్లో అంచనా కాగితం మీద రాసి ఇవ్వండి. సామాను ఖర్చు, కూలి వేరువేరుగా ఉండాలి.

* "కాయలమ్మాక చూద్దాం" అన్నవారి పేరు కొట్టేయవద్దు. పక్కన 'మార్చి' అని రాయండి. మార్చి మొదటి వారంలో ఒక్కసారి గుర్తుచేయండి. అంతకంటే విసిగించవద్దు.

* వానల్లో ఏ ఇంటి స్లాబు కారిందో అప్పుడే రాసుకోండి. అక్టోబరులో గిన్నెలు పెట్టి నీళ్లు పట్టినవారు ఏప్రిల్ ఎండల్లో ఆ మాటే మర్చిపోతారు. పని చేయడానికి అనువైనది మాత్రం ఆ ఎండాకాలమే.

* పని పూర్తయిన ఇంటికి ఒక పెద్ద వాన పడ్డాక వెళ్లి, "అమ్మగారూ, ఎక్కడన్నా చెమ్మ వచ్చిందా?" అని అడగండి. చిన్న లోపముంటే వెంటనే సరిచేయించండి. ఆ ఇల్లాలు పక్కింటి వదినకు చెప్పే మాట ముందు ఏ ప్రకటనా నిలవదు.

* డ్వాక్రా సమావేశాల్లో మీ ఇంటి పని గురించి చెప్పడానికి మొహమాటపడవద్దు. పచ్చళ్లు అమ్మేవారు చెప్పుకోవడం లేదూ?

ఈ జాగ్రత్తలు తప్పవు

కబుర్లు ఎక్కువైతే ఒక ప్రమాదం ఉంది. నాలుగిళ్లలో బయానా తీసుకుని, నాలుగు చోట్లా గోడ పగలగొట్టి, రోజుకొక చోట కనిపించే మేస్త్రిని మనందరం చూశాం. గిన్నెలు వరండాలో పెట్టుకుని వండుకునే ఇల్లాలి ఉసురు ఊరికే పోదు. చేయగలిగినంతే ఒప్పుకోవాలి. మిగిలినవారికి "ఇరవై రోజులు పడుతుంది, ఆగగలరా?" అని నిజం చెప్పాలి. ఆగలేమంటే నమ్మకమైన ఇంకో మేస్త్రి పేరు చెప్పండి. రేపు ఆయనా మీ పేరు చెబుతాడు.

షాపువాళ్లకు కమీషన్ ఇచ్చి ఆ డబ్బు ఇంటివారి మీద వేయడం కూడా మంచిది కాదు. ఒకసారి తెలిసిపోతే ఆ వీధిలో మళ్లీ అడుగుపెట్టనివ్వరు.

అప్పు దొరుకుతుంది కదా అనుకోవచ్చు. 2023 సెప్టెంబరులో మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలో తాపీ మేస్త్రులు, వడ్రంగులు కూడా ఉన్నారు. మొదట లక్ష, తర్వాత రెండు లక్షల దాకా 5 శాతం వడ్డీకి రుణం ఇవ్వాలన్నది పథకం. నూటికి మూడు రూపాయల వడ్డీ కంటే ఇది ఎంతో నయం. కానీ పనిముట్లు కొనుక్కున్నా వాటికి పని కావాలి కదా! వాయిదా కట్టేది ఆ పనే.

ఇక పోటీ అంటారా, అది పెరుగుతూనే ఉంది. పెద్ద రంగుల కంపెనీలే నగరాల్లో పెయింటింగ్ పని ఒప్పుకుంటున్నాయి. ఫోన్‌లో నొక్కితే ప్లంబరును పంపే యాప్‌లు వచ్చాయి. వాళ్లు చేసేదేమిటి? అడిగినవారి పేరు రాసుకోవడం, వెంటనే జవాబు చెప్పడం, పని అయ్యాక ఎలా ఉందని అడగడం. ఈ మూడూ మీరు నోటు పుస్తకంతో చేయగలరు. పైగా ఊళ్లో ఎవరింటి గోడ ఎప్పుడు కట్టిందో వాళ్లకు తెలియదు, మీకు తెలుసు.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు ఊరికే అనలేదు. ఆషాఢంలో చేయాల్సిన పని ఫిబ్రవరిలోనే మాట్లాడుకోవాలి. ఆయనకు తీరిక లేదని ఊరుకోకండి. ఆయనకు తీరిక లేని రోజుల్లోనే మీరు పుస్తకం తెరవాలి. అలా చేస్తే వచ్చే జులైలో అన్నం క్యారేజీ ఖాళీ అయి ఇంటికొస్తుంది. ఇల్లాలికి అంతకంటే కావలసిందేముంది?