మీకు తెలుసా? అరసవల్లి సూర్యుడికి రెండు రాశులు

శ్రీకాకుళం పక్కనే ఉన్న అరసవల్లిలో ఏటా మార్చి 9, 10, మళ్లీ అక్టోబరు 1, 2 తేదీల్లో, మబ్బు అడ్డు రాకపోతే, ఉదయ కిరణాలు సూర్యనారాయణస్వామి పాదాలను తాకుతాయి. దాదాపు ఏడు నెలల ఎడం ఉన్న ఈ తేదీలకు పొత్తు ఎలా కుదిరింది? మార్చి 20, సెప్టెంబరు 22 ప్రాంతాల్లో సూర్యుడు సరిగ్గా తూర్పున పొడుస్తాడు. మొదటిదానికి పది రోజుల ముందు, రెండోదానికి పది రోజుల తరవాత ఆయన ఉదయించే చోటు ఇంచుమించు ఒక్కటే: తూర్పుకు సుమారు 4 డిగ్రీలు దక్షిణంగా. వెనకున్న చుక్కలు మాత్రం వేరు. మార్చిలో కుంభం, అక్టోబరులో కన్య. పగటి వెలుగులో అవి కనబడవు గనక ఎవరికీ పట్టదు.

అన్నట్టు, ఖగోళ శాస్త్రం గీసిన హద్దుల్లో సూర్యుడు దాటే రాశులు పదమూడు. వృశ్చికానికీ ధనుస్సుకూ నడుమ సర్పధారి కూడా ఉంది. పంచాంగం దాన్ని లెక్కలోకి తీసుకోదు.

పగలు కనబడని చుక్కల సంగతి అలా ఉంచితే, రాత్రి ఆకాశంలో అతి ప్రకాశవంతమైన నక్షత్రం లుబ్ధకం, కాంతి పరిమాణం -1.46. రెండోది అగస్త్యం, -0.74. అంకె తగ్గేకొద్దీ వెలుగు పెరిగే తిరకాసు లెక్క ఇది! అగస్త్యం లండన్‌లో అసలు కనిపించదు, ఢిల్లీలో 9 డిగ్రీల ఎత్తు దాటదు, శ్రీకాకుళంలో 19 డిగ్రీల దాకా లేస్తుంది. రథసప్తమి ముందు రాత్రి అరసవల్లి క్యూలో నిలబడేవారు 9, 10 గంటల మధ్య అగస్త్యం కోసం దక్షిణం వైపు ఓసారి చూడండి.